ఎడ్విన్ ఎస్. పోర్టర్ జీవితం, సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడ్విన్ పోర్టర్ ఎవరు? ఆయన పేరు ఇప్పటికీ ఎందుకు వినబడుతుంది?

ఎడ్విన్ స్టాంటన్ పోర్టర్ (1870–1941) అమెరికాలో కథాచిత్రం రూపుదిద్దుకుంటున్న తొలి దశాబ్దంలో థామస్ ఎడిసన్ సంస్థకు సినిమాలు తీసిపెట్టిన ప్రధాన దర్శకుడు. 1903లో తీసిన ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ అనే పన్నెండు నిమిషాల చిత్రం ఆయన పేరును నిలబెట్టింది. సినిమా చరిత్రకారులు చాలాకాలం పాటు ఆయనను కథాచిత్రానికి పితామహుడని, ఎడిటింగ్‌కు ఆద్యుడని కీర్తించారు. తరువాతి పరిశోధకులు పాత ప్రతులను, కేటలాగులను పక్కపక్కన పెట్టి చూసి ఆ బిరుదులలో సగానికి పైగా వెనక్కి తీసుకున్నారు. అవన్నీ పోగా మిగిలిన మనిషే నిజానికి ఎక్కువ ఆసక్తికరమైనవారు. ఆయన నాటకరంగం నుంచి రాలేదు, రచయిత కాదు, నటుడు కాదు. ప్రొజెక్టరు తిప్పే ఆపరేటరుగా ఈ రంగంలోకి వచ్చి, ప్రొజెక్టర్ల తయారీదారుగా బయటికి వెళ్లారు. నడుమ పదిహేనేళ్లు సినిమాలు తీశారు. ఆయన తీసిన చిత్రాలలోని బలాలూ బలహీనతలూ చాలావరకు ఈ ఒక్క విషయంతోనే అర్థమవుతాయి.

ఆయన బాల్యం, తొలి ఉద్యోగాల సంగతి ఏమిటి?

పోర్టర్ 1870 ఏప్రిల్ 21న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బొగ్గు గనులకు పేరుపడిన కానెల్స్‌విల్ పట్టణంలో ఒక వ్యాపారి ఇంట పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎడ్వర్డ్. అబ్రహాం లింకన్ ప్రభుత్వంలో యుద్ధమంత్రిగా పనిచేసిన ఎడ్విన్ స్టాంటన్ మీది గౌరవంతో ఆ పేరును తరువాత తానే పెట్టుకున్నారు. స్కేటింగ్ ప్రదర్శనలు ఇవ్వడం, సైన్‌బోర్డులు రాయడం, టెలిగ్రాఫ్ ఆపరేటరుగా కూర్చోవడం, బట్టలు కుట్టడం వంటి పనులన్నీ యౌవనంలోనే చేసి చూశారు. సొంతంగా పెట్టుకున్న దర్జీ దుకాణం 1893లో దివాలా తీసింది. అదే ఏడాది కారొలిన్ రిడింగర్‌ను పెళ్లి చేసుకున్నారు, అదే నెలలో అమెరికా నౌకాదళంలో చేరారు. అక్కడ మూడేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. అప్పటికి విద్యుత్తు తెలిసిన పనివాళ్లు దేశంలో తక్కువ. సినిమా యంత్రాలకు కావలసినవాళ్లు సరిగ్గా అటువంటివాళ్లే.

సినిమాలోకి ఎలా వచ్చారు?

నౌకాదళం నుంచి బయటికి వచ్చిన 1896వ సంవత్సరమే అమెరికాలో తెర మీద బొమ్మలు కదలడం మొదలైన సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్ 23న న్యూయార్క్‌లోని కోస్టర్ అండ్ బయల్ సంగీతశాలలో ‘వైటాస్కోప్’ అనే ప్రొజెక్టరును జనానికి చూపించారు. దానిని రూపొందించింది వేరొకరైనా అమ్మింది మాత్రం ఎడిసన్ పేరు మీద. ఆ యంత్రాల అమ్మకపు హక్కులున్న రాఫ్ అండ్ గామన్ సంస్థ దగ్గర పోర్టర్ కొంతకాలం పనిచేసి, తరువాత ‘ప్రొజెక్టరోస్కోప్’ అనే పోటీ యంత్రాన్ని వెంట తీసుకుని వెస్టిండీస్ దీవులలోనూ దక్షిణ అమెరికాలోనూ ఊరూరా ఆటలు వేశారు. సంతలలో, ఆరుబయలు మైదానాలలో తెర కట్టి చూపించే ఆ టూరింగు రోజులలో జనాన్ని ఆకర్షించడానికి తనను తాను ‘థామస్ ఎడిసన్ జూనియర్’ అని చెప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. మరి నాలుగేళ్లకు అసలు ఎడిసన్ దగ్గరే జీతానికి చేరడం విధి చమత్కారమే అనుకోవాలి.

ప్రొజెక్షన్ అనుభవం దర్శకత్వానికి ఎలా పనికివచ్చింది?

దీనికి జవాబు తెలియాలంటే 1890ల నాటి సినిమా వ్యాపారం ఎలా సాగేదో తెలియాలి. నిర్మాణ సంస్థలు అప్పట్లో పూర్తి చిత్రాలను అమ్మేవి కావు. ఒక్కొక్కటి ఒకే షాటుతో, నిమిషానికి కాస్త అటూ ఇటూ నడిచే తునకలను అమ్మేవి. ఓడ బయలుదేరడం ఒక తునక, సైనికుల కవాతు మరొకటి. వాటిని కొన్న ప్రదర్శకుడే ఏది ముందు, ఏది వెనుక అన్నది తేల్చుకుని, మధ్యమధ్య మ్యాజిక్ లాంతరు స్లైడులు చేర్చి, పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పించి, పావుగంటో అరగంటో నడిచే కార్యక్రమాన్ని తయారు చేసేవాడు. ఇవాళ మనం ఎడిటింగ్ అంటున్న పని ఆనాడు స్టూడియోలో కాక హాలులో, ఆపరేటరు చేతిలో జరిగేది.

న్యూయార్క్ 23వ వీధిలోని ఈడెన్ మ్యూజీ అనే మైనపు బొమ్మల ప్రదర్శనశాలలో పోర్టర్ కొన్నేళ్లు ఈ పనే చేశారు. 1898లో అమెరికా, స్పెయిన్ దేశాల మధ్య యుద్ధం వచ్చినప్పుడు ఈడెన్ మ్యూజీ యుద్ధానికి సంబంధించిన తునకలను వరుసగా పేర్చి పెద్ద కార్యక్రమాలు నడిపింది. ఓడలు కదిలే తునక పక్కన సైనికులు దిగే తునకను పెడితే ప్రేక్షకుడు ఆ రెండింటినీ కలుపుకుని ఒక కథగా చూస్తాడన్న సంగతి, ప్రతిరోజూ జనం ఎదుట ఆ పని చేసేవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? తరువాత కెమెరా చేతికి వచ్చినప్పుడు, ప్రదర్శకుడి చేతిలోని ఆ కూర్పును పోర్టర్ స్టూడియోకు తెచ్చుకున్నారు. ఆయన అసలైన చారిత్రక ప్రాముఖ్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. క్లోజప్‌ను ఎవరు ముందు తీశారు, ఇంటర్‌కట్‌ను (రెండు దృశ్యాలను ముక్కలుగా మార్చి మార్చి చూపడాన్ని) ఎవరు ముందు వాడారు అన్న పోటీలో కాదు.

ఎడిసన్ సంస్థలో ఆయన ఉద్యోగం ఏమిటి?

1900 నవంబరులో ప్రొజెక్టర్ల మెరుగుదల పనికి మెకానిక్‌గా చేరారు. 1901 ప్రారంభంలో సంస్థ న్యూయార్క్‌లోని 41 ఈస్ట్ 21వ వీధి భవనం మేడ మీద, ఎండ లోపలికి పడేలా అద్దాల కప్పుతో కొత్త స్టూడియో తెరిచి, దాని కెమెరాను పోర్టర్‌కు అప్పగించింది. తొలి రోజులలో సన్నివేశాలను అమర్చడానికీ నటులతో చేయించడానికీ రంగస్థల అనుభవమున్న జార్జ్ ఫ్లెమింగ్ తోడుండేవారు. కెమెరా తిప్పడం, ఫిల్ము కడగడం, కోసి అతికించడం వంటివన్నీ పోర్టర్ చేతి మీదుగానే జరిగేవి. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటరు అన్న విభజన అప్పటికి లేదు.

ఎడిసన్ స్వయంగా ఈ సినిమాలకు దర్శకత్వం వహించారా?

లేదు. పోస్టర్ల మీద పేరు ఆయనది, పేటెంట్లు ఆయనవి, లాభాలు ఆయనవి.

1903కు ముందు పోర్టర్ తీసినవి ఎలాంటివి?

ఎక్కువ భాగం వార్తల వెంట పరిగెత్తిన చిన్న చిత్రాలు. మద్యనిషేధం కోసం సారా దుకాణాలను గొడ్డలితో పగలగొట్టిన కేరీ నేషన్ మీద ఒక ఎగతాళి చిత్రం, థియొడోర్ రూజ్‌వెల్ట్ వేట పిచ్చి మీద మరొకటి 1901లో వచ్చాయి. అదే ఏడాది బఫెలో నగరంలో జరిగిన పాన్ అమెరికన్ ఎగ్జిబిషన్‌లో విద్యుద్దీపాల అలంకరణను రాత్రిపూట చిత్రీకరించారు. అప్పటి ఫిల్ముకు అంత తక్కువ వెలుతురు చాలదు కనుక, ఒక్కొక్క ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచి, కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ తీశారు. అది దర్శకుడి ఆలోచన కన్నా ఎలక్ట్రీషియన్ ఆలోచన.

ఆ ఎగ్జిబిషన్‌లోనే సెప్టెంబరు 6న అధ్యక్షుడు మెకిన్లీపై కాల్పులు జరిగాయి. హంతకుడు చోల్‌గోష్‌కు అక్టోబరు 29న ఆబర్న్ జైలులో విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలయింది. పోర్టర్ ఆ జైలు గోడలను బయటి నుంచి నిజంగానే చిత్రీకరించి, లోపలి విద్యుత్ కుర్చీ సన్నివేశాన్ని సెట్‌లో నటులతో తీసి, రెండింటినీ కలిపి అమ్మకానికి పెట్టారు. అసలు వార్తకు నటించిన దృశ్యాన్ని అతికించే ఈ పద్ధతి ఈనాటి ప్రేక్షకుడికి మోసంలా తోచవచ్చు. ఆనాటి కేటలాగులలో అది మామూలు సరుకు.

1902లో ఫ్రాన్స్ నుంచి జార్జ్ మెలియెస్ చంద్రలోక యాత్ర చిత్రం వచ్చి, పలు దృశ్యాల కథకు జనం డబ్బు పెడతారని రుజువు చేసింది. అదే ఏడాది, అది రావడానికి కొద్ది నెలల ముందే పోర్టర్ ‘జాక్ అండ్ ది బీన్‌స్టాక్’ అనే పది దృశ్యాల జానపద కథ తీశారు.

‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మన్’ గురించి ఇంత వివాదం ఎందుకు?

1903 జనవరిలో వచ్చిన ఈ చిత్రం నిడివి ఆరు నిమిషాలు; దాని మీద రాసిన వ్యాసాలు మాత్రం లెక్కలేనన్ని. కథ సులభం. అగ్నిమాపక కేంద్రంలో కుర్చీలో కునుకు తీస్తున్న అధికారికి ఒక తల్లీ బిడ్డా కలలో కనిపిస్తారు. ఆ కలను గోడ మీద గుండ్రటి వెలుగులో చూపించారు. తరువాతి షాటులో తెర నిండా వీధిలోని అలారం పెట్టె కనిపిస్తుంది, ఒక చేయి దాని తలుపు తెరిచి మీట లాగుతుంది. సిబ్బంది మంచాల మీది నుంచి లేచి స్తంభం పట్టుకుని జారడం, గుర్రాలను బండికి పూన్చడం, వీధిలో బండ్లు ఒకదాని వెంట ఒకటి దౌడు తీయడం వరుసగా వస్తాయి. చివరికి మండుతున్న ఇల్లు.

వివాదమంతా చివరి రెండు షాట్ల గురించే. ఒకదానిలో పొగ నిండిన పడకగదిలో తల్లి సొమ్మసిల్లుతుంది, అగ్నిమాపకుడు తలుపు పగలగొట్టి లోపలికి వచ్చి ఆమెను కిటికీ గుండా నిచ్చెన మీదికి దించుతాడు, మళ్లీ వచ్చి బిడ్డను తీసుకుపోతాడు. తరువాతి షాటులో అదే రక్షణ మొత్తం మొదటి నుంచి, ఈసారి వీధిలో నుంచి కనిపిస్తుంది. అంటే జరిగిన సంఘటన ఒకటే, చూపించడం రెండుసార్లు. అయితే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దగ్గరకు 1940లలో చేరిన ఒక ప్రతిలో లోపలి దృశ్యం, బయటి దృశ్యం ముక్కలు ముక్కలుగా మార్చి మార్చి వస్తాయి. నేటి సినిమాలో కట్ చేసినట్టే ఉంటుంది. ఆ ప్రతిని నమ్మిన చరిత్రకారులు ఇంటర్‌కట్టింగ్‌ను 1903లోనే పోర్టర్ కనిపెట్టారని ప్రకటించారు.

చివరికి ఏ ప్రతి అసలుదని తేలింది?

దృశ్యం రెండుసార్లు వచ్చే ప్రతే. దీనికి సాక్ష్యం దొరికిన తీరు చెప్పుకోదగినది. 1912 వరకు అమెరికా కాపీరైటు చట్టంలో సినిమాకు ప్రత్యేకమైన చోటు లేదు. ఫోటోలకు మాత్రం ఉంది. అందుచేత నిర్మాతలు తమ చిత్రాన్ని ఫ్రేము వెంట ఫ్రేముగా పొడవైన కాగితపు చుట్టల మీద ముద్రించి, ఫోటోల కింద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో నమోదు చేయించేవారు. నైట్రేట్ ఫిల్ములు కాలిపోయాయి, పుచ్చిపోయాయి, వెండి కోసం కరిగిపోయాయి. కాగితం మాత్రం గదిలో పడి ఉండి బతికింది. 1950లలో కెంప్ నివర్ ఆ చుట్టలను మళ్లీ ఫిల్ము మీదికి ఎక్కించడం మొదలుపెట్టి మూడు వేలకు పైగా చిత్రాలను కాపాడారు. పోర్టర్ చిత్రపు కాగితపు ప్రతిలో తొమ్మిది షాట్లే ఉన్నాయి, రక్షణ దృశ్యం రెండుసార్లు ఉంది. 1970ల చివరికి వచ్చేసరికి పరిశోధకులు దానినే అసలు రూపంగా అంగీకరించారు. మార్చి మార్చి కట్ చేసిన ప్రతి, కొత్త పద్ధతికి అలవాటుపడిన ఎవరో తరువాతి కాలంలో సరిదిద్దినదన్నమాట.

ఈ తీర్పుతో పోర్టర్ చిన్నబోయారని కొందరు భావిస్తారు. నాకు అలా తోచదు. ఈడెన్ మ్యూజీలో తునకలు పేర్చిన మనిషికి, ఒక సంఘటనను లోపలి నుంచి పూర్తిగా చూపి, తరువాత బయటి నుంచి పూర్తిగా చూపడం సహజమైన కథన పద్ధతే. అప్పటి ప్రేక్షకులు కూడా దానిని తప్పుగా చూసినట్టు కనబడదు.

‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ని ఎక్కడ, ఎలా తీశారు?

పేరుకు పడమటి రాష్ట్రాల కథ, తీసింది మాత్రం తూర్పు తీరాన. 1903 నవంబరులో లోపలి దృశ్యాలను న్యూయార్క్ మేడ మీది స్టూడియోలో, బయటి దృశ్యాలను న్యూజెర్సీలోని అడవులలోనూ లాకవానా రైలు మార్గం మీదా చిత్రీకరించారు. పేరు 1896 నాటి ఒక రంగస్థల నాటకానిది. బందిపోట్ల దాడి, వెంటాడడం, కాల్చివేత అన్న చట్రం ఆ ఏడాదే ఇంగ్లండు నుంచి వచ్చిన దొంగతనం చిత్రాలను గుర్తుచేస్తుంది. నిడివి 740 అడుగులు, షాట్లు 14.

మొదటి షాటును నిదానంగా చూస్తే పోర్టర్ పనితనం బోధపడుతుంది. టెలిగ్రాఫ్ ఆఫీసు సెట్. బందిపోట్లు ఆపరేటరును తుపాకీతో బెదిరిస్తున్నారు. కుడివైపు కిటికీలో నిజమైన రైలు వచ్చి ఆగుతుంది. సెట్‌లోని కిటికీ భాగానికి వెలుతురు తగలకుండా ఒకసారి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, ఆ ఖాళీలో మాత్రమే రైలు పడేలా మళ్లీ తీస్తే వచ్చిన ఫలితం అది. మూడవ షాటులో రైలులోని తపాలా బోగీ తెరిచిన తలుపులోంచి చెట్లు వెనక్కి పరుగెడుతూ ఉండడం కూడా అదే ఉపాయం. నాలుగవ షాటులో ఇంజిను మీద కొట్లాట జరుగుతుంది. ఒక క్షణం కెమెరా ఆపి, మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, దానిని రైలు మీది నుంచి విసిరేశారు. అతుకు ఇప్పటికీ కంటికి కనబడుతుంది, అయినా దెబ్బ తగిలినట్టే ఉంటుంది. బందిపోట్లు ఇంజిను దిగి లోయలోకి పరుగెత్తేటప్పుడు కెమెరా వారి వెంట పక్కకూ కిందికీ తిరుగుతుంది. స్టాండు మీద కదలకుండా ఉండడమే కెమెరా ధర్మమనుకున్న రోజులలో ఇది సాహసమే.

పదవ షాటు దగ్గర కథ వెనక్కి వెళ్తుంది. కట్లతో పడి ఉన్న టెలిగ్రాఫ్ ఆపరేటరు దగ్గరికి అతని చిన్న కూతురు వచ్చి, తాళ్లు కోసి, ముఖాన నీళ్లు చల్లి లేపుతుంది. దొంగలు పారిపోతున్న సమయంలోనే ఇది జరిగి ఉండాలి, కాని పోర్టర్ రెండింటినీ కలిపి అల్లలేదు. ఒక దారాన్ని కొంతదూరం లాగి, వదిలి, రెండో దారాన్ని అందుకున్నారు. తరువాత డాన్సు హాలులో కొత్తగా ఊరికి వచ్చిన అమాయకుడి కాళ్ల దగ్గర తుపాకులు పేల్చి గంతులు వేయించే సరదా, ఆపరేటరు తూలుతూ వచ్చి కబురు చెప్పడం, గుర్రాల మీద వెంటాడడం, అడవిలో దొంగలందరూ చావడం జరుగుతాయి.

బందిపోటు నేరుగా ప్రేక్షకుల వైపు తుపాకీ పేల్చే షాటు సినిమా మొదట్లోదా, చివరిదా?

రెండూ నిజమే. బందిపోటు నాయకుడిగా నటించిన జస్టస్ బార్న్స్ ఛాతీ వరకు మాత్రమే కనిపిస్తూ కెమెరాలోకి గురిపెట్టి కాల్చే ఆ షాటుకు కథతో సంబంధం లేదు. దానిని ముందైనా వెనుకైనా వేసుకోవచ్చునని ఎడిసన్ కేటలాగే ప్రదర్శకులకు చెప్పింది. ఆపరేటరుగా పనిచేసిన దర్శకుడు హాలులోని ఆపరేటరుకు వదిలిపెట్టిన చివరి స్వేచ్ఛ అది.

ఇది మొట్టమొదటి కథాచిత్రమేనా? మొట్టమొదటి వెస్టర్న్ అయినా కాదా?

రెండూ కావు. కథ చెప్పే చిత్రాలు అంతకు ముందే ఫ్రాన్స్, ఇంగ్లండులలోనూ అమెరికాలోనూ వచ్చాయి. వెస్టర్న్ తరహా కథను, అంటే పడమటి రాష్ట్రాల కథను, ఎడిసన్‌కు పోటీ అయిన బయోగ్రాఫ్ సంస్థ అదే ఏడాది కాస్త ముందుగా తీసింది. ఇది మొట్టమొదటి ఘనవిజయాలలో ఒకటి, అంతవరకు ధైర్యంగా అనవచ్చు. ఎడిసన్ సంస్థ ఒక్కొక్క ప్రతిని 111 డాలర్లకు అమ్మింది, అంటే అడుగుకు 15 సెంట్లు. కొన్ని ప్రతులలో తుపాకీ పొగకూ నర్తకుల దుస్తులకూ చేత్తో రంగులు వేశారు. 1904లో ఫిలడెల్ఫియాకు చెందిన సిగ్మండ్ లూబిన్ దీనిని దాదాపు షాటుకు షాటుగా మళ్లీ తీసి అమ్ముకున్నారు; అదీ ఒక రకమైన కితాబే. ఇందులో కాల్పులకు గురైన ప్రయాణికుడిగా, గంతులు వేసిన అమాయకుడిగా, ఇంకా బందిపోటుగా కనిపించిన గిల్బర్ట్ ఆండర్సన్ తరువాత ‘బ్రాంకో బిల్లీ’ పేరుతో తొలి కౌబాయ్ తార అయ్యారు. ఈ చిత్రం తీసేనాటికి ఆయనకు గుర్రపు స్వారీ సరిగా రాదు.

పోర్టర్ సామాజిక విషయాల మీద కూడా సినిమాలు తీశారా?

తీశారు, వాటిని ఎక్కువమంది చూడకపోవడం విచారకరం. 1904 నాటి ‘ది ఎక్స్-కన్విక్ట్’లో జైలు నుంచి వచ్చిన మనిషికి పని దొరకని స్థితి ఉంది. 1905 నాటి ‘ది క్లెప్టోమేనియాక్’ మరింత పదునైనది. ధనవంతురాలు పెద్ద దుకాణంలో వస్తువులు కాజేస్తుంది. పేద తల్లి పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలిస్తుంది. ఒకే కోర్టు మొదటి ఆమెను మర్యాదగా వదిలి, రెండో ఆమెకు శిక్ష వేస్తుంది. ముగింపులో న్యాయదేవత బొమ్మ కనిపిస్తుంది: కళ్లగంతకు ఒక కన్ను బయటికి ఉంటుంది, త్రాసులో బంగారం సంచి వైపు బరువు మొగ్గి ఉంటుంది. రెండు కథలను సమాంతరంగా పెట్టి పోలిక తేవడం ఇందులో స్పష్టంగా ఉంది.

ఆయన చిత్రాలన్నీ ఇంత ఉదారంగా లేవన్నది కూడా చెప్పవలసిన మాట. 1903 నాటి ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో నల్లజాతి ప్రధాన పాత్రలను ముఖాలకు మసి పూసుకున్న తెల్ల నటులు పోషించారు, అది అప్పటి రంగస్థలపు ఆచారం. నల్లవారిని హాస్యానికి వాడుకున్న చిన్న చిత్రాలూ ఆయన ఖాతాలో ఉన్నాయి. పేదవాడి పట్ల చూపిన న్యాయదృష్టి వర్ణం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ట్రిక్ చిత్రాలలో చూడదగినవి ఏవి?

1906 నాటి ‘డ్రీమ్ ఆఫ్ ఎ రేర్‌బిట్ ఫీండ్’ మొదటిది. విన్సర్ మెకే కార్టూన్ల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో అతిగా తిని తాగినవాడి మంచం నగరం మీదుగా ఎగురుతుంది. 1907 నాటి ‘ది టెడ్డీ బేర్స్’లో చెక్క గోడ కంతలోంచి చూస్తే బొమ్మ ఎలుగుబంట్లు వాటంతట అవే విన్యాసాలు చేస్తాయి, ఒక్కొక్క ఫ్రేముకు బొమ్మలను కదిలించి తీసిన ఆ కొన్ని క్షణాల వెనుక ఉన్న ఓపిక ఊహించదగినదే.

డి. డబ్ల్యు. గ్రిఫిత్‌కు సినిమా అవకాశం ఇచ్చింది పోర్టరేనా?

నటుడిగా తొలి ముఖ్యపాత్ర ఇచ్చింది ఆయన స్టూడియోయే. కథ అమ్ముకోవడానికి వచ్చిన గ్రిఫిత్‌ను 1908 జనవరిలో విడుదలైన ‘రెస్క్యూడ్ ఫ్రమ్ యాన్ ఈగిల్స్ నెస్ట్’లో వేషానికి తీసుకున్నారు. ఆ చిత్రానికి దర్శకత్వం జె. సెర్ల్ డాలీది, కెమెరా పోర్టర్‌ది. తీగలతో కదిలే గద్ద బొమ్మ పసిబిడ్డను ఎత్తుకుపోతే, కట్టెలు కొట్టే తండ్రి గ్రిఫిత్ గూటిలోకి దిగి దానితో కలబడతారు. కొన్ని నెలలకే గ్రిఫిత్ బయోగ్రాఫ్‌లో దర్శకుడయ్యారు. ఏడాది తిరిగేసరికి పోర్టర్ పద్ధతి పాతబడినట్టు కనిపించింది.

ఎడిసన్ సంస్థను ఎందుకు వదిలారు?

వీధి వీధిలో అయిదు సెంట్ల హాళ్లు వెలిశాక వారం వారం కొత్త చిత్రాలు కావలసివచ్చాయి. ప్రతి పనిలోనూ తన చేయి ఉండాలనుకునే పోర్టర్‌కు, పనులను విడగొట్టి అనేక బృందాలతో వేగంగా తీయించే పద్ధతి సరిపడలేదు. ఆయన కథనం కూడా కొత్త ప్రేక్షకులకు అస్పష్టంగా తోచసాగింది. హాలులో వ్యాఖ్యాత లేకపోతే కథ పూర్తిగా అందేది కాదు. 1909లో నిర్మాణ బాధ్యతను హొరేస్ ప్లింప్టన్‌కు అప్పగించిన సంస్థ, ఆ సంవత్సరం చివరలో పోర్టర్‌ను పంపివేసింది.

ఆ తరువాత ఏం చేశారు?

డిఫెండర్ అనే చిన్న సంస్థ నడిపి, వెనువెంటనే రెక్స్ సంస్థను స్థాపించారు. 1911లో మొదలైన రెక్స్ చిత్రాలలో లోయిస్ వెబర్, ఫిలిప్స్ స్మాలీ దంపతులు పనిచేశారు. పోర్టర్ వెళ్లాక ఆ సంస్థ చిత్రాల భారం వారి మీద పడింది, అమెరికా తొలితరం దర్శకురాళ్లలో అగ్రగణ్యురాలిగా వెబర్ ఎదిగారు. 1912లో రెక్స్ యూనివర్సల్‌లో కలిసింది. తన వాటా అమ్ముకున్న పోర్టర్, అడాల్ఫ్ జూకర్ పెట్టిన ఫేమస్ ప్లేయర్స్ సంస్థలో చేరారు.

రంగస్థల తారలతో పూర్తి నిడివి చిత్రాలు తీయడం జూకర్ పథకం. జేమ్స్ హ్యాకెట్‌తో ‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’, నాటక రచయిత యూజీన్ ఓనీల్ తండ్రి జేమ్స్ ఓనీల్‌తో ‘ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ 1913లో వచ్చాయి. 1914లో మేరీ పిక్‌ఫర్డ్ నటించిన ‘టెస్ ఆఫ్ ది స్టార్మ్ కంట్రీ’ ఆమెను దేశమంతటా తిరుగులేని తారను చేసింది. ‘ది ఎటర్నల్ సిటీ’ కోసం బృందాన్ని రోమ్ నగరానికి తీసుకువెళ్లారు. యూరప్‌లో యుద్ధం మొదలైనది అప్పుడే. 1915 సెప్టెంబరులో ఫేమస్ ప్లేయర్స్ న్యూయార్క్ స్టూడియో మంటలలో కాలిపోయింది, ఆ ఏడాదే పోర్టర్ సంస్థను వదిలి దర్శకత్వానికి స్వస్తి చెప్పారు.

నటులతో ఆయన పని ఎలా ఉండేది?

ఆయన బలం అది కాదు. జూకర్ తన జ్ఞాపకాలలో పోర్టర్‌ను నాటకీయ కళాకారుడిగా కంటే కళాదృష్టి ఉన్న మెకానిక్‌గా వర్ణించారు. ‘టెస్’ చూసినప్పుడు ఇది తెలుస్తుంది: కెమెరా దూరంగా నిలబడి ఉంటుంది, పిక్‌ఫర్డ్ తన చురుకుదనంతో దృశ్యాన్ని తానే మోసుకుపోతారు. 1903లో అందరికన్నా ముందున్న మనిషి 1914లో ఇంత నిశ్చలంగా తీయడం చూసి ఆశ్చర్యపోయేవారు ఉంటారు. కాని గ్రిఫిత్ తరం నటుడి ముఖంలో కథను వెతికింది, పోర్టర్‌కు ఆ వెతుకులాట మీద ఎన్నడూ ఆసక్తి లేదు.

దర్శకత్వం మానేశాక ఆయన జీవనం ఏమిటి?

మళ్లీ యంత్రాల దగ్గరికే వెళ్లారు. ఫ్రాంక్ కానక్ తదితరులతో కలిసి రూపొందించిన ‘సింప్లెక్స్’ ప్రొజెక్టరులో ఆయనకు ముందునుంచే భాగం ఉంది. దానిని తయారుచేసే ప్రెసిషన్ మెషీన్ కంపెనీకి 1917 నుంచి 1925 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. బొమ్మ అదరకుండా నిలకడగా పడడంలో సింప్లెక్స్‌కు మంచి పేరు వచ్చింది, ప్రపంచమంతటా థియేటర్లు దానిని కొన్నాయి. మన దేశపు హాళ్లలోనూ ఆ యంత్రాలు నడిచాయి. దీనికి ముందే, 1915 జూన్ 10న, విలియం వాడెల్‌తో కలిసి న్యూయార్క్ ఆస్టర్ థియేటర్‌లో ఎరుపు, ఆకుపచ్చ కళ్లద్దాలతో చూసే త్రీడీ చిత్రపు నమూనాలను ప్రదర్శించారు. ఆ ప్రయోగం ముందుకు సాగలేదు.

1929 స్టాక్ మార్కెట్ పతనంలో కూడబెట్టుకున్న ఆస్తి చాలావరకు పోయింది. ఆ తరువాత కూడా యంత్రాల మీద చిన్నా చితకా పనులు చేస్తూనే గడిపారు. 1941 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని టాఫ్ట్ హోటల్‌లో, 71 ఏళ్ల వయసులో మరణించారు.

ఆయన సినిమాలు ఇప్పుడు చూడడానికి దొరుకుతాయా? దేనితో మొదలుపెట్టాలి?

కాగితపు ప్రతుల పుణ్యమా అని ఎడిసన్ కాలపు చిత్రాలు చాలా బతికే ఉన్నాయి, కాపీరైటు గడువు తీరినందున లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని అంతర్జాలంలో ఉచితంగానే పెట్టింది. ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ 1990లోనే అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది, ఫైర్‌మన్ చిత్రం 2016లో చేరింది. తరువాతి పెద్ద చిత్రాలలో ‘ది ఎటర్నల్ సిటీ’ దొరకదు. ‘జెండా’, ‘మాంటె క్రిస్టో’, ‘టెస్’ మిగిలాయి.

కొత్తగా చూసేవారికి నా సలహా ఏమిటంటే, ముందు ఫైర్‌మన్ చిత్రాన్ని, అది కూడా రక్షణ దృశ్యం రెండుసార్లు వచ్చే ప్రతినే చూడాలి; తరువాత ‘ట్రైన్ రాబరీ’, ఆ వెంటనే ‘ది క్లెప్టోమేనియాక్’. మూడూ కలిపితే అరగంటకు మించవు. చాలా వీడియోలలో వేగం తప్పుగా ఉండి మనుషులు గెంతుతున్నట్టు కనబడతారు; అటువంటిది ఎదురైతే వేగం కాస్త తగ్గించుకుని చూడడం మంచిది. తరువాత ఎవరో జోడించిన నేపథ్య సంగీతాన్ని ఆపివేసినా నష్టం లేదు.